ఫైలు దాటింది, యజమాని ఆగిపోయాడు

‘యంత్రాల ఇరుగుపొరుగు’ ధారావాహిక – పదకొండో భాగం

1874 అక్టోబరులో వాడి స్టేషన్ నుంచి సికింద్రాబాద్‌కు మొదటి రైలు వచ్చినప్పుడు పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు. పాతికేళ్లు తిరిగేసరికి మన్మాడ్ వైపు నుంచి హైదరాబాద్–గోదావరి లోయ రైల్వే ఇదే ఊరికి వచ్చి కలిసింది. దాని ఎడం సరిగ్గా 1,000. రెండూ నిజాం రాజ్యంలోని లైన్లే. అయినా ఒకదాని పెట్టె ఇంకోదాని మీద కదలదు. ఈ రెండు కొలతల ఊళ్లోనే, 1893లో, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే లాలాగూడలో తన వర్క్‌షాపు కట్టుకుంది. ఆ వర్క్‌షాపు చుట్టూ క్వార్టర్లు, బడులు, ఆసుపత్రి, ఆ తర్వాత బస్తీలు పుట్టాయి. ఇప్పటికీ లాలాగూడలో రైల్వేతో చుట్టరికం లేని ఇల్లు వెతకాల్సిందే.

గేజీ మారే చోట హమాలీలు బస్తాలు ఈ వ్యాగన్‌లోంచి దించి ఆ వ్యాగన్‌లోకి ఎక్కించాలి. అది ఒంటి కష్టమే కానీ చిక్కు సమస్య కాదు. అసలు చిక్కంతా కాగితంలో ఉంటుంది. ఏ బస్తా ఎవరిది, ఎక్కడికి పోవాలి, ఎవరు విడిపించుకోవాలి అన్నది బస్తాతోపాటు అవతలి గుమాస్తా చేతికి అందకపోతే, సరుకు భద్రంగా చేరినా దిక్కులేనిదే అవుతుంది. ఒక కంప్యూటర్ రాసిన డిస్కును ఇంకో రకం కంప్యూటర్ చదవడానికి నలభై ఏళ్లుగా జరిగిన ప్రయత్నాలన్నీ ఇదే చోట తట్టుకుని పడ్డాయి. బైట్లు ఇట్టే దాటాయి. యజమాని దాటడానికి మాత్రం ఒక తరం పట్టింది. ఆ పనిలో కొంత మన ఊళ్లోనే జరిగింది కూడా.

పోయిన భాగంలో ఫ్లాపీల గొడవ చెప్పుకున్నాం. ఇప్పుడు హార్డ్ డిస్కు దగ్గరికి వద్దాం. డిస్కు అనేది వట్టి గిడ్డంగి. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే చిట్టాను ఫైల్ సిస్టమ్ అంటాం. ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ ఆ చిట్టాను ఒక్కో తీరుగా రాస్తుంది. 1977లో మార్క్ మెక్‌డొనాల్డ్ మైక్రోసాఫ్ట్ కోసం రాసిన ఫ్యాట్‌లో చిట్టా చాలా చిన్నది: పేరు, తేదీ, సైజు, కొన్ని గుర్తులు, మొదటి ముక్క ఎక్కడుంది, అంతే. డాస్ రోజుల్లో ఎనిమిది అక్షరాల పేరు, చుక్క, మూడు అక్షరాల తోక. ఫైలు ఎవరిదని అడిగితే సమాధానం లేదు, ఎందుకంటే ఆ యంత్రం ముందు కూర్చునేది ఒక్కడే.

యూనిక్స్ పుట్టుక వేరు. ఒకే యంత్రం మీద పదిమంది పనిచేసిన ఇంట్లో పుట్టింది కాబట్టి, అక్కడ ప్రతి ఫైలుకూ ఐనోడ్ అని ఒక కార్డు ఉంటుంది. అందులో యజమాని నంబరు, గుంపు నంబరు, ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు, ఎవరు నడపొచ్చు అని తొమ్మిది గుర్తులు. విచిత్రం ఏమిటంటే ఆ కార్డు మీద ఫైలు పేరే ఉండదు. పేరు డైరెక్టరీలో ఉంటుంది. లైనక్స్ కోసం రెమీ కార్డ్, ఆయన మిత్రులు 1993లో తెచ్చిన ఎక్స్‌ట్2 ఈ వంశానిదే. అదే సంవత్సరం జులై 27న విండోస్ ఎన్‌టీ 3.1తో ఎన్‌టీఎఫ్‌ఎస్ వచ్చింది. దానికీ యజమాని ఉన్నాడు. కానీ అతను చిన్న నంబరు కాదు, ఎస్‌ఐడీ అనే పొడుగాటి గుర్తింపు. ఏ డొమైన్‌లో పుట్టాడో, అందులో ఎన్నోవాడో అన్నీ అందులో ఉంటాయి. ఒకరికి ఇంటి నంబరు, ఇంకొకరికి వంశవృక్షం. ఈ రెంటినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ‘ఇతనూ అతనూ ఒకడే’ అని ఎవరో ఒకరు చెప్పాలి.

పంచుకోవడానికి రెండు దారులు. డిస్కును విప్పి అవతలి యంత్రానికే తగిలించి, దాని చిట్టా చదవడం నేర్పించడం ఒకటి. డిస్కును కదపకుండా, తీగ మీద అడిగి తెప్పించుకోవడం రెండోది. ముందు తీగ కథ.

*

1980ల చివరికి సికింద్రాబాద్‌లో రిజర్వేషన్ కౌంటర్లు కంప్యూటర్ల మీదికి వచ్చాయి. సీఎంసీ కంపెనీ రాసిన ఇంప్రెస్ అనే ప్రోగ్రాము, డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి వ్యాక్స్ యంత్రాలు, వాటి మీద వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టమ్. వీఎంఎస్ ఫైలుకు ఒక వింత అలవాటు ఉంది. మీరు ఫైలును మార్చి భద్రపరిచిన ప్రతిసారీ పాతదాన్ని చెరపదు. పేరు చివర సెమీకోలన్ పెట్టి 1, 2, 3 అని కొత్త ప్రతి తయారు చేస్తుంది. ఈ ఫైలును డాస్‌కు పంపితే సెమీకోలన్ పోతుంది, ముప్పై తొమ్మిది అక్షరాల పేరు ఎనిమిదికి తెగుతుంది, పాత ప్రతుల చరిత్ర అంతా గాలికి పోతుంది.

తర్వాత రైల్వేల సొంత సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ తయారు చేసిన కాన్సర్ట్ అనే కొత్త రిజర్వేషన్ వ్యవస్థను మొట్టమొదట పెట్టింది సికింద్రాబాద్‌లోనే, 1994 సెప్టెంబరులో. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ అయిదూ కలిసేసరికి 1999 ఏప్రిల్ అయింది. సికింద్రాబాద్ కౌంటర్లో నిలబడి హౌరా నుంచి ఢిల్లీకి బెర్తు తీసుకోవడం అప్పటినుంచే. ఇక్కడ రైల్వే ఇంజనీర్లు చేసిన తెలివైన పని ఒకటి గమనించాలి. వాళ్లు డిస్కులు పంచుకోలేదు. ఎవరి రైళ్ల లెక్క వాళ్ల డిస్కులోనే ఉంచి, ‘ఫలానా బెర్తు ఇవ్వు’ అన్న అడగడాన్ని మాత్రమే తీగ మీద పంపారు. అయిదు చోట్లా ఒకే రకం యంత్రాలు ఉండి కూడా డిస్కు తలుపు బయటివాళ్లకు తీయలేదంటే, డిస్కు పంచుకోవడం ఎంత రిస్కో వాళ్లకు బాగా తెలుసన్నమాట. లాలాగూడ పక్కనే, తార్నాక దారిలో 1957 నుంచి ఉన్న ఇరిసెట్‌లో సిగ్నల్, టెలికం పాఠాలు చెప్పే ఈ శాఖకు ఇలాంటి జాగ్రత్త కొత్త కాదు. ఒక స్టేషన్ ఇంకో స్టేషన్ లివర్లు లాగదు, లైన్ క్లియర్ అడుగుతుంది.

ఆఫీసులకూ కాలేజీలకూ ఇంత క్రమశిక్షణ ఎక్కడిది? వాళ్లకు డిస్కే కావాలి. 1991 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిజెల్ అనే పరిశోధక విద్యార్థికి అలాంటి అవసరమే పడింది. అతని దగ్గర డాస్ పీసీ ఉంది, యూనివర్సిటీలో యూనిక్స్ యంత్రం ఉంది. డిజిటల్ కంపెనీవారి పాత్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే పీసీ నుంచి ఆ కంపెనీ సర్వర్ డిస్కు వాడుకోవచ్చు. అతని సర్వర్ మాత్రం వేరే. దాంతో తీగ మీద పోయే ప్యాకెట్లను పట్టి చూసి, పీసీ ఏమడుగుతోందో, సర్వర్ ఏం జవాబిస్తోందో రాసుకుని, తనే ఒక సర్వర్ రాసేశాడు. అది డిజిటల్ సొంత భాష కాదనీ, ఐబీఎం, మైక్రోసాఫ్ట్ వాడే ఎస్‌ఎంబీ అనీ అతనికి అప్పటికి తెలియదు. రాసి నెట్‌లో పెట్టి మరిచిపోయాడు. రెండేళ్ల తర్వాత భార్య పీసీని తన లైనక్స్ యంత్రానికి కలపాల్సి వచ్చినప్పుడు మళ్లీ దుమ్ము దులిపాడు.

పేరు కథ చాలామందికి తెలిసిందే. మొదట పెట్టిన పేరు మీద ఒక కంపెనీ అభ్యంతరం చెప్పింది. ఎస్, ఎం, బీ అక్షరాలు ఆ వరసలో వచ్చే మాటల కోసం నిఘంటువు ఫైలును జల్లెడ పడితే ‘సాంబా’ తేలింది. నాకు పేరు కన్నా అందులోని ఇంకో చిన్న పని ముచ్చటగా ఉంటుంది. డాస్ ఫైలుకు ఆర్కైవ్, సిస్టమ్, హిడెన్ అని మూడు గుర్తులు ఉంటాయి. యూనిక్స్‌లో వాటికి చోటు లేదు. సాంబా ఏం చేసిందంటే, యూనిక్స్ వైపు ‘నడపొచ్చు’ అనే గుర్తులు మూడు ఉన్నాయి కదా, యజమానికి ఒకటి, గుంపుకు ఒకటి, లోకానికి ఒకటి. డాస్ గుర్తులను తీసుకెళ్లి ఆ మూడు గదుల్లో దాచింది. పీసీ ఫైళ్లకు ఆ గుర్తులు ఎలాగూ పనికిరావు కదా అన్న ధీమా. ఫలితం: పీసీ నుంచి పంపిన వట్టి ఉత్తరం యూనిక్స్‌లో చూస్తే నడపదగ్గ ప్రోగ్రాములా కనిపిస్తుంది. ఎన్ని ఆఫీసుల్లో సిస్టమ్ అడ్మిన్లు దీన్ని చూసి తల గోక్కున్నారో!

ఎస్‌ఎంబీ లోగుట్టు చెప్పమని ఆదేశిస్తూ యూరోపియన్ కమిషన్ 2004లో మైక్రోసాఫ్ట్‌కు 49.7 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2007 సెప్టెంబరులో కోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ డిసెంబరులో సాంబా మనుషులు ఒప్పందం కుదుర్చుకుని, 10,000 యూరోలు కట్టి కాగితాలు తెచ్చుకున్నారు. అప్పటికి పదహారేళ్లుగా ఆ కాగితాలు లేకుండానే లోకం సాంబాతో నడుస్తోంది.

*

ఇక మన ఊరి సంగతి.

1998లో మైక్రోసాఫ్ట్ అమెరికా బయట పెద్ద ఎత్తున సాఫ్ట్‌వేర్ రాసే కేంద్రం హైదరాబాద్‌లో తెరిచింది. అదే ఏడాది నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. లాలాగూడ నుంచి చూస్తే అది ఊరికి ఆ కొస. రెండు బస్సులు మారితే గానీ చేరలేని చోటు. కేంద్రానికి మొదటి అధిపతి శ్రీని కొప్పోలు. అక్కడ తొలినాళ్లలో చేపట్టిన పనుల్లో విజువల్ జె షార్ప్ గురించి పత్రికల్లో బాగానే రాశారు. దానితోపాటే నడిచిన ఇంకో పనిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దాని పేరు విండోస్ సర్వీసెస్ ఫర్ యూనిక్స్.

దాని వెనక లెక్క ఇది. బ్యాంకుల్లో, చిప్ డిజైన్ కంపెనీల్లో, చమురు సంస్థల్లో యూనిక్స్ వర్క్‌స్టేషన్లు పాతుకుపోయి ఉన్నాయి. వాళ్లను ఎన్‌టీ వైపు లాగాలంటే, పాత డిస్కులు వదిలి రమ్మంటే రారు. యూనిక్స్ లోకంలో డిస్కు పంచుకునే పద్ధతి ఎన్‌ఎఫ్‌ఎస్. సన్ మైక్రోసిస్టమ్స్ 1980ల మధ్యలో తెచ్చి, ఎవరైనా వాడుకోవచ్చని బయటపెట్టింది. 1989లో అది బహిరంగ పత్రంగా అచ్చయింది. ఎన్‌ఎఫ్‌ఎస్‌కు మనుషుల మీద నమ్మకం మరీ ఎక్కువ. క్లయింటు వచ్చి ‘నేను 1005 నంబరు మనిషిని’ అంటే, సర్వర్ ‘సరే, ఇదిగో నీ ఫైలు’ అంటుంది. పాస్‌వర్డు గీస్‌వర్డు ఏమీ లేదు. ఒకే గది, తెలిసిన యంత్రాలు, నమ్మకస్తుడైన అడ్మిన్ ఉన్నంతకాలం అది చెల్లింది.

1999లో వచ్చిన మొదటి సర్వీసెస్ ఫర్ యూనిక్స్ బయటి కంపెనీల సరుకుతో కట్టిన మూట. ఎన్‌ఎఫ్‌ఎస్ ఇంటర్‌గ్రాఫ్‌ది, యూనిక్స్ ఆదేశాలు ఎంకేఎస్‌వి. 2000లో వచ్చిన రెండో కూర్పులో అసలు విషయం ఉంది: యూజర్ నేమ్ మ్యాపింగ్. విండోస్ డొమైన్‌లోని ఫలానా ఎస్‌ఐడీ, యూనిక్స్ వైపు ఫలానా నంబరూ ఒకే మనిషి అని రాసిపెట్టుకునే పట్టిక అది. రెండు వైపులా ఒకే పేరు ఉంటే దానంతటదే జత కుదురుస్తుంది. పేర్లు వేరైతే అడ్మిన్ చేత్తో జతపరచాలి. యూనిక్స్ వైపు పేర్లు నెట్‌వర్కులో జాబితా అందించే ఎన్‌ఐఎస్ నుంచైనా తెచ్చుకుంటుంది, పాస్‌వర్డు ఫైలు నుంచైనా తెచ్చుకుంటుంది.

పట్టికలో లేని మనిషి వస్తే? అప్పుడు అతను అనామకుడు. ఎన్‌ఎఫ్‌ఎస్ లోకంలో అనామకుడి నంబరు -2. కానీ యజమాని నంబరుకు మైనస్ గుర్తు పెట్టుకునే చోటు లేదు కాబట్టి, 32 బిట్లలో అది తిరిగి 4294967294 అవుతుంది. విండోస్ నుంచి ఒక ఫైలు రాసి, యూనిక్స్ టెర్మినల్లో జాబితా తీసి చూడండి. యజమాని అనే గడిలో మీ పేరు ఉండాల్సిన చోట నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల చిల్లర నంబరు. పక్కన గుంపు గడిలోనూ అదే. ఫైలు చెక్కుచెదరకుండా చేరింది. మీరే రాశారు, మీరే తెరవలేరు. ఈ పది అంకెలు చూడగానే ‘ఆహా, మ్యాపింగ్ పోయింది’ అని కనిపెట్టేయగలిగిన అడ్మిన్లు ఆ రోజుల్లో ప్రతి పెద్ద ఆఫీసులోనూ ఒకరిద్దరు ఉండేవారు.

మనుషుల లెక్క తేలినా పేర్ల గొడవ మిగిలింది. యూనిక్స్ ఫైలు పేరులో కోలన్ ఉండొచ్చు, విండోస్‌లో ఉండకూడదు. అందుకని ఏ అక్షరాన్ని దేనికి మార్చాలో చెప్పే ఒక అనువాద ఫైలు పెట్టుకునే ఏర్పాటు చేశారు. యూనిక్స్‌లో పెద్ద అక్షరాల రీడ్‌మీ వేరు, చిన్న అక్షరాల రీడ్‌మీ వేరు. విండోస్ రెండూ ఒకటే అంటుంది. తమాషా ఏమిటంటే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు ఆ తేడా తెలుసు, రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టుకోగలదు. దాని మీద కూర్చున్న విండోస్ పొర మాత్రం తేడా చూడదు. కాబట్టి యూనిక్స్ వైపు నుంచి రెండూ రాస్తే, విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో రెండూ కనిపిస్తాయి, ఏది నొక్కినా ఒకటే తెరుచుకుంటుంది.

1999లో సాఫ్ట్‌వే సిస్టమ్స్ నుంచి కొన్న ఇంటరిక్స్‌ను 2002 మేలో వచ్చిన మూడో కూర్పులో కలిపారు. దాంతో విండోస్ పొట్టలోనే ఒక యూనిక్స్ చేరింది. లైనక్స్‌కు ఉన్న జీపీఎల్ లైసెన్సే ఉన్న జీసీసీ కంపైలర్ కూడా ఆ పెట్టెలో ఉంది. దానికి ఏడాది ముందే, 2001 జూన్‌లో, మైక్రోసాఫ్ట్ సీఈఓ స్టీవ్ బామర్ లైనక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చాడు. బాస్ అలా అంటుంటే అదే కంపెనీ జీపీఎల్ సరుకును డబ్బాలో పెట్టి 99 డాలర్లకు అమ్ముతోంది! పెద్ద కంపెనీల్లో ఎడమ చెయ్యి చేసేది కుడి చేతికి తెలియదనే అనుకోవాలి. 2004 జనవరిలో 3.5 కూర్పు ఉచితమైంది. ఆ తర్వాత ఈ ముక్కలన్నీ విండోస్ సర్వర్‌లోనే కలిసిపోయాయి. యూనిక్స్ ప్రోగ్రాములు నడిపే భాగాన్ని విండోస్ 8.1 నాటికి తీసేశారు. ఎన్‌ఎఫ్‌ఎస్ మాత్రం నిలిచింది.

*

ఇళ్లలో కథ వేరే రకం. అక్కడ సర్వర్ లేదు, అడ్మిన్ లేడు. ఒకే పీసీ, ఒకే డిస్కు, దాని మీద రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు. సీ డ్రైవ్‌లో విండోస్, మిగిలిన జాగాలో లైనక్స్. 2000ల మధ్యకాలంలో హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో లైనక్స్ సీడీలు పంచుతున్నప్పుడు, సీడీ పెట్టి బూట్ చేసిన కుర్రాడు మొదట అడిగేది తెలుగు గురించి కాదు. ‘నా డీ డ్రైవ్‌లో పాటలున్నాయి, కనిపిస్తాయా?’ అనే.

ఫ్యాట్ అయితే కనిపించేవి. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే చదవడం వరకే. దాని చిట్టా రాత పద్ధతిని మైక్రోసాఫ్ట్ బయటపెట్టలేదు. లైనక్స్ కెర్నెల్‌లో ఆంటన్ ఆల్టపర్మకోవ్ జట్టు రాసిన డ్రైవర్ ఉన్న ఫైలు మీద, సైజు మారకుండా, అక్షరాలు దిద్దడం దాకా ధైర్యం చేసింది. కొత్త ఫైలు పుట్టించడమంటే చిట్టాలో నాలుగు చోట్ల రాయాలి, ఒక చోట తప్పితే డిస్కంతా పోతుంది. 2003లో యాన్ క్రటోష్విల్ అనే చెక్ ప్రోగ్రామర్ అడ్డదారి తొక్కాడు: మనం రాయడం ఎందుకు, విండోస్‌లో ఉన్న అసలు డ్రైవర్ ఫైలునే తెచ్చి, దాని చుట్టూ విండోస్‌లా కనిపించే గోడలు కట్టి, లైనక్స్‌లో నడిపిద్దాం. కట్టాడు, నడిపించాడు. క్యాప్టివ్ అని పేరు పెట్టాడు. నెమ్మదిగానే అయినా పనిచేసింది. ఇంత గడుసు ఆలోచన ఈ మొత్తం చరిత్రలో నాకు ఇంకోటి కనిపించలేదు.

దారి తెరిచింది మాత్రం ఫ్యూజ్. మిక్లోష్ సెరెడి రాసిన ఈ వ్యవస్థ 2005లో కెర్నెల్‌లోకి వచ్చింది. ఫైల్ సిస్టమ్ డ్రైవర్‌ను కెర్నెల్ లోపల కాకుండా మామూలు ప్రోగ్రాములా బయటే నడపొచ్చు, కూలినా యంత్రం కూలదు. దాని మీద సబోల్చ్ సకచిట్స్ 2006లో ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ తెచ్చాడు. 2007 ఫిబ్రవరికి అది స్థిరమైన కూర్పు అయింది. అప్పటినుంచి డీ డ్రైవ్‌లో పాటలు వినడమే కాదు, కొత్తవి వేయడమూ కుదిరింది.

మరి యజమాని? డిస్కు తగిలించగానే అందులోని ప్రతి ఫైలూ మీదే అయిపోతుంది, ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు. ఇంట్లో ఒక్కడే వాడుకుంటే ఇబ్బంది లేదు. నలుగురు వాడే చోట ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ ఒక చిన్న ఫైలు పెట్టుకోమంది. అందులో ఒక్కో వరసలో లైనక్స్ నంబరు, గుంపు నంబరు, వాటికి ఎదురుగా విండోస్ ఎస్‌ఐడీ. పేరు యూజర్ మ్యాపింగ్. ఎక్కడో విన్న పేరులా ఉందా? హైదరాబాద్ సరుకులో చూసిన పట్టికే, ఆ కంపెనీతో ఏ సంబంధమూ లేని మనుషుల చేతిలో మళ్లీ పుట్టింది. సమస్య ఒకటైతే మందూ ఒకటే అవుతుంది కాబోలు.

విండోస్ వైపు నుంచి లైనక్స్ డిస్కులు చదివే సాధనాలూ వచ్చాయి. స్టెఫాన్ ష్రైబర్ రాసిన ఎక్స్‌ట్2 ఐఎఫ్‌ఎస్ అందులో పేరున్నది. ఎక్స్‌ట్2 పార్టిషన్‌కు ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చి మామూలు డ్రైవ్‌లా చూపించేది. యజమాని సంగతి అడిగితే అది దాచుకోకుండా చెప్పేసేది: హక్కులు పట్టించుకోను, యంత్రం వాడే ప్రతివాడికీ అన్నీ తెరుచుకుంటాయి అని. 2008 ప్రాంతంలో లైనక్స్ ఐనోడ్ కార్డు సైజును 128 బైట్ల నుంచి 256కు పెంచింది. ఆ ఒక్క మార్పుతో కొత్త డిస్కులు దానికి కనిపించడం మానేశాయి.

అంతెందుకు, లైనక్స్ నుంచి లైనక్స్‌కు కూడా ఇదే తంటా. ఐనోడ్ మీద ఉండేది నంబరే కదా. ఉబుంటులో మొదటి మనిషి నంబరు 1000. మీ డిస్కు తీసుకెళ్లి స్నేహితుడి యంత్రానికి తగిలిస్తే, అక్కడి 1000 అతనే కాబట్టి మీ ఫైళ్లన్నీ అతనివి. పాత రెడ్ హ్యాట్‌లో లెక్క 500 నుంచి మొదలయ్యేది. ఆ డిస్కు ఉబుంటులో పెడితే యజమాని గడిలో పేరు రాదు, 500 అని అంకె వస్తుంది.

ఈ మధ్య కాలపు చిక్కు ఒకటి. 2012లో విండోస్ 8 నుంచి షట్‌డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా ఆరిపోదు. త్వరగా లేవడం కోసం సగం నిద్రలోకి జారుకుంటుంది. అప్పుడు లైనక్స్ వచ్చి ఆ డిస్కు మీద రాస్తే, నిద్ర లేచిన విండోస్ తన జ్ఞాపకంలోని పాత చిట్టాను దాని మీద రుద్దేస్తుంది. అందుకే ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అలాంటి డిస్కు మీద రాయడానికి ఒప్పుకోదు. జనం దాన్ని తిట్టుకుంటారు. నా మటుకు నేను దాని పక్షమే. ఫాస్ట్ స్టార్టప్ ఆపేస్తే ఇద్దరికీ గొడవ ఉండదు.

*

తెలుగు సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. మన డీటీపీ షాపుల్లో ఫైలు లోపల అంతా అను ఫాంటు తెలుగే, పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ‘పెళ్లికార్డ్ ఫైనల్ 2’. అది అలవాటే కావచ్చు, కానీ డిస్కు దాటించాల్సి వచ్చినప్పుడు ఆ అలవాటే కాపాడింది. ‘లాలాగూడ’ అని తెలుగులో పేరు పెట్టి చూడండి. యూనికోడ్ లెక్కలో అవి ఏడు సంకేతాలు: మూడు గుణింతపు గుర్తులు, నాలుగు హల్లులు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఇవి 14 బైట్లు. లైనక్స్ వాడే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్ల చొప్పున 21. ఇంగ్లీషులో ఏడక్షరాల పేరైతే ఏడు బైట్లతో సరి.

ఇది వట్టి లెక్కల సరదా కాదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైలు పేరుకు 255 సంకేతాలు ఇస్తుంది. ఎక్స్‌ట్4 ఇచ్చేది 255 బైట్లు. అంటే తెలుగుకు 85 సంకేతాలే. పది మాటల వార్తా శీర్షికను ఫైలు పేరుగా పెట్టే విలేకరి విండోస్‌లో హాయిగా పనిచేసుకుని, లైనక్స్ డిస్కుకు కాపీ చేయబోతే పేరు మరీ పొడుగైందని తిరగ్గొడుతుంది. ఇంగ్లీషు విలేకరికి అదే శీర్షికతో ఏ బాధా లేదు.

పెన్‌డ్రైవ్‌లో ఇంకో ముచ్చట. విండోస్ 95తో వచ్చిన పొడుగు పేర్లు ఫ్యాట్‌లో యూనికోడ్‌గానే ఉంటాయి. కానీ పాత లైనక్స్ దాన్ని తగిలించేటప్పుడు పశ్చిమ యూరప్ అక్షరమాల మాత్రమే తెలిసినట్టు వ్యవహరించేది. తెలుగు పేరు మొత్తం ప్రశ్నార్థకాల వరస. తగిలించేటప్పుడు యూటీఎఫ్-8 అని ఒక్క మాట చెబితే సరిపోయేది, ఆ మాట తెలిసినవాళ్లు తక్కువ.

మ్యాక్ వాడేవాళ్లది మరీ సూక్ష్మమైన తంటా. 1998లో వచ్చిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడగొట్టి దాస్తుంది. తెలుగులో ఐత్వం యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ ఉంది, ఎత్వమూ దాని కింద చేరే ఐ గుర్తూ అనే రెండు సంకేతాలుగానూ విడుతుంది. ఆ రకం డిస్కు మీద మీరు ‘రైలు’ అని పేరు పెడితే మ్యాక్ దాన్ని విడగొట్టి రాస్తుంది. ఆ ఫైలును లైనక్స్‌కు పంపి, అక్కడ మీరే ఇంకో ‘రైలు’ టైపు చేసి చూడండి. ఒకే ఫోల్డర్‌లో రెండు ‘రైలు’లు. కంటికి కవలలు, యంత్రానికి అపరిచితులు. రైల్వే అన్నా, హైదరాబాద్ అన్నా ఐత్వం తప్పదు కాబట్టి మనవాళ్లకు ఇది తగలకుండా పోదు.

పొడుగు పేర్ల మీద మైక్రోసాఫ్ట్‌కు పేటెంట్లు ఉండేవి. ఫ్యాట్ వాడినందుకు 2009లో టామ్‌టామ్ మీద దావా వేసింది, కొద్ది వారాల్లోనే రాజీ కుదిరింది. 4 జీబీ దాటిన ఫైలు ఫ్యాట్32లో పట్టదు. అందుకని 2006లో ఎక్స్‌ఫ్యాట్ వచ్చింది, మెమరీ కార్డులవాళ్లు దాన్నే ప్రమాణం చేసుకున్నారు. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ దాని రాత పద్ధతి బయటపెట్టి, లైనక్స్‌లో చేర్చుకోమంది. పెన్‌డ్రైవ్ సమస్య అక్కడితో తీరింది. ఎందుకు తీరిందంటే ఎక్స్‌ఫ్యాట్‌లో యజమాని అనేవాడే లేడు. అందరికీ నచ్చిన సాధనం, అసలు ప్రశ్ననే అడగనిది.

ఆ ప్రశ్న అడిగినవాళ్లు మళ్లీ మైక్రోసాఫ్ట్‌లోనే తేలారు. 2014 ఫిబ్రవరిలో, బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల కంపెనీ పగ్గాలు పట్టాడు. ఆ అక్టోబరులో తమకు లైనక్స్ ఇష్టమని తెర మీద రాసి చూపించాడు. 2016లో విండోస్‌లోనే లైనక్స్ నడిపే ఏర్పాటు వచ్చింది, డబ్ల్యుఎస్‌ఎల్ అంటారు. మొదట్లో దానిలోంచి సీ డ్రైవ్ చూస్తే పాత కథే: అన్ని ఫైళ్లకూ అన్ని హక్కులూ, యజమాని ఒక్కడే. 2018లో దీనికి ఒక కిటుకు చేర్చారు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ప్రతి ఫైలుకూ అదనపు గుణాలు రాసుకునే ఖాళీ గడులు ఉంటాయి. లైనక్స్ యజమాని నంబరును, గుంపు నంబరును, హక్కులను ఆ గడుల్లో రాసిపెట్టారు. విండోస్ వాటిని చూడదు, లైనక్స్ చూస్తుంది. 2019లో అటునుంచి ఇటు, విండోస్ ఎక్స్‌ప్లోరర్ లైనక్స్ ఫైళ్లను చూసే దారి కూడా తెరిచారు. దానికి వాడిన భాష బెల్ ల్యాబ్స్‌లో ప్లాన్ 9 కోసం రాసిన 9పీ. వాడుకలోంచి దాదాపు పోయిన ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మాట ఇలా కోట్ల పీసీల్లోకి చేరింది.

లైనక్స్ వైపు కూడా లెక్క సరిచేశారు. ఎన్నో ఏళ్లు ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవర్‌ను డబ్బుకు అమ్మిన పారగాన్ సంస్థ దాన్ని లైనక్స్‌కు ఇచ్చేసింది. 2021లో 5.15 కెర్నెల్‌తో అది అందరికీ అందింది. ఆ డ్రైవర్‌లోని ఒక వివరం మీద నా కన్ను పడింది: డబ్ల్యుఎస్‌ఎల్ యజమాని నంబరు రాసిన గడులు ఏవో, ఇదీ ఆ గడులనే చదువుతుంది.

వచ్చే భాగంలో టేపుల కథ.